ఏకగ్రీవానికి బహుమానం, పోటీకి జరిమానా

మన ప్రభుత్వాలు ఎన్నికల్లో ప్రజాధనం పెట్టవని చాలామందికి ఒక నమ్మకం వుంది. ఆ నమ్మకం సరైనది కాదు. పెడతాయి. పోటీ జరగకూడదనే షరతు మీద పెడతాయి. 2021లో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవంగా సర్పంచిని ఎన్నుకున్న గ్రామాలకు ప్రోత్సాహకం ప్రకటించింది. రెండు వేల లోపు జనాభా అయితే 5 లక్షలు, ఐదు వేల లోపయితే 10 లక్షలు, పదివేల లోపయితే 15 లక్షలు, అంతకు మించితే 20 లక్షలు. తెలంగాణ ప్రభుత్వమూ అంతకు ముందు, 2019 ఎన్నికలప్పుడు, ఏకగ్రీవ పంచాయతీకి 10 లక్షలు ఇస్తామన్నది. పార్టీలు వేరు, ముఖ్యమంత్రులు వేరు. బుద్ధి మాత్రం ఒకటే.

ఏకగ్రీవమనే మాట చెవికి ఇంపుగా వుంటుంది. ఒకే కంఠమని దాని అర్థం. ఊళ్ళో ఆ ఒక్క కంఠం ఎవరిదో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. సర్పంచి పదవిని గుడి పేరు చెప్పి వేలం పాడిన ఊళ్ళ కథలు ప్రతి పంచాయతీ ఎన్నికలప్పుడూ పత్రికల్లో వస్తూనే వున్నాయి. ఆ వేలంలో పాడగలిగేవాడు పాడతాడు. పాడలేనివాడు నామినేషను వేస్తానంటే, "నీ ఒక్కడి మూలాన ఊరికి రావలసిన లక్షలు పోతున్నాయి" అని పదిమందిలో నిలబెట్టి అడుగుతారు. అంటే, భూస్వామి పలుకుబడితో జరగవలసిన పనికి ఖజానా కూడా తన చేయి కలిపిందన్నమాట. కూలివాడి పోటీ హక్కును కొనడానికి కూలివాడు కట్టిన పన్నునే ఖర్చుచేస్తున్నారు.

నగరానికి వస్తే ఈ బహుమానం లేదు గాని, జరిమానా వుంది. 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో కార్పొరేటరుగా నిలబడేవారు 5,000 రూపాయల ధరావతు కట్టవలసి వచ్చింది; షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులవారు అందులో సగం కట్టారు. పోలైన ఓట్లలో ఆరోవంతు రానివారికి ఆ డబ్బు తిరిగి రాదు. 150 డివిజన్లకు 1,122 మంది నిలబడ్డారు. వారిలో ఎందరి ధరావతు ఖజానాలో కలిసిందో ఊహించడం కష్టం కాదు. పోటీ చేయనివారికి ఇచ్చే ప్రభుత్వం పోటీ చేసేవారి దగ్గర తీసుకుంటున్నది. ఈ తలకిందుల వ్యవహారాన్ని గురించి మన అభ్యుదయ పత్రికల్లో కూడా తగినంత చర్చ జరగలేదు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు ఈ విషయం పుస్తకాల్లోంచి పట్టుబడలేదు. అఫ్జల్‌గంజ్‌లో మేము కొందరం, పాఠాలు చెప్పుకునేవాళ్ళం, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, బేగంబజారు హమాలీలు కొందరు, రాబోయే కార్పొరేషను ఎన్నికల్లో ఒక మనిషిని నిలబెట్టాలనుకున్నాం. ఆ మనిషి ఉస్మానియా ఆసుపత్రి గేటు పక్కన చాయ్ బండి పెట్టుకున్న ఒకామె. ఆమెను ఎన్నుకోవడానికి కారణం జాలి అని ఎవరూ అనుకోవద్దు. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకిచ్చిన జాగాలో పుట్టిన బజారు ఇది. దానికి రోగులు, వారి వెంట వచ్చే పల్లెటూరి బంధువులు, ఆ బంధువులకు తిండీ చాయ్ అమ్మేవారు తర్వాత తోడయ్యారు. ఇప్పుడు ఆ ఆసుపత్రి కదులుతున్నది. 2020 జూలై వానలకు పాత భవనం వార్డుల్లోకి మురుగునీరు వచ్చి రోగులను ఖాళీ చేయించారు, భవనానికి తాళం వేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మంచిదే. రోగికి మంచి పడక దొరకడాన్ని ఎవరు కాదంటారు? కాని గేటు ముందు బండ్ల సంగతి ఏమిటి? కొత్త గేటు ముందు చోటు ఎవరికిస్తారు, ఎంత ఇస్తారు, ఏ దళారీ చేతిమీదుగా ఇస్తారు? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి. చట్టం కాగితం మీద వుంది. దాన్ని కౌన్సిలులో చదివి వినిపించే నోరు కావాలి. ఆ నోరు ఆమెకు వుంది. పోలీసువాళ్ళతో, మున్సిపాలిటీ జవాన్లతో రోజూ వాదించి నిలిచిన మనిషి.

మొదట ఒక పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్ళాం. పేరు చెప్పను; ఏ పార్టీ అయినా ఆ గదిలో అదే కుర్చీ, అదే ప్రశ్న. "ఎంత పెట్టగలరు?" అన్నాడు. పరిమితి ఐదు లక్షలు కదా అన్నాను. నవ్వాడు. "సార్, అది లెక్కల్లో రాసేది. నేనడిగేది పెట్టేది." అక్కడితో ఆ సంభాషణ ముగిసింది.

స్వతంత్ర అభ్యర్థిగా నిలబెడదామన్నాం. ఆమె రెండు రోజులు ఆలోచించి నాతో అన్న మాట ఇది: "సారూ, గెల్చుడు ఓడుడు తర్వాత ముచ్చట. పదిహేను దినాలు బండి పెట్టకపోతే ఇల్లెట్ల నడుస్తది? ఓడిపోతే అప్పెవలు కడ్తరు?" మన ఎన్నికల సంస్కరణల గ్రంథాలన్నీ తిరగేసినా ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకదు. అసలు ఆ గ్రంథాలు రాసినవారికి ఈ ప్రశ్నలు తట్టే అవసరమే రాలేదు.

ఆ ఐదు లక్షల పరిమితినే తీసుకుందాం. ఆ తర్వాత నగరం సరిహద్దులూ డివిజన్లూ మారాయి గాని, లెక్కకు పనికివచ్చేది 2020 ఎన్నికే గనుక అదే తీసుకుంటున్నాను. అప్పుడు నగరంలో ఓటర్లు సుమారు 74 లక్షల 67 వేలమంది; అంటే డివిజనుకు దాదాపు 50 వేలు. ఐదు లక్షలను వారికి పంచితే ఓటరుకు పది రూపాయలు. చట్టప్రకారం అభ్యర్థి ఒక పౌరుడితో మాట్లాడడానికి అయ్యే ఖర్చు ఒక చాయ్ ఖరీదన్నమాట! అది పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ పది రూపాయలను యాభై వేలసార్లు పెట్టగలిగినవాడు మా వీధిలో ఎవడున్నాడు? టోకు వర్తకుడు, ఇళ్ళు కట్టి అమ్మేవాడు, కంట్రాక్టరు.

కాలం సంగతి మరొకటి. 2020లో నవంబరు 17న ప్రకటన వచ్చింది. 18 నుంచి 20 దాకా మూడు రోజులు నామినేషన్లు. 22న ఉపసంహరణ. 29 సాయంత్రానికి ప్రచారం బందు. వారం రోజులు! వారంలో యాభైవేలమందిని కలవాలంటే ముందుగానే డబ్బు, మనుషులు, బండ్లు సిద్ధంగా వుండాలి. ఈ హడావిడి ఎవరికి లాభమో వేరే చెప్పాలా? ఇక ఎన్నికలే సక్రమంగా జరగని నగరమిది. 1986 తర్వాత మళ్ళీ 2002 దాకా హైదరాబాదు ప్రజలు తమ కార్పొరేషనును ఎన్నుకోలేదు. పదహారేళ్ళు! ఒక తరం పిల్లలు పుట్టి, పెరిగి, ఓటు వయసుకు దగ్గర పడ్డారు. 2020లో పోలింగు 46 శాతం చిల్లర అయితే నగరవాసికి బాధ్యత లేదని సంపాదకీయాలు రాశారు. ముందుగా ఎవరికి బాధ్యత లేకపోయిందో ఆ సంపాదకులు రాయలేదు.

ప్రజాధనంతో ఎన్నికల ప్రచారమనగానే, "పన్ను కట్టేవాడి సొమ్ము రాజకీయులకా?" అని గుండెలు బాదుకునే పెద్దమనుషులున్నారు. వారికి ఒక చిన్న సంగతి గుర్తుచేయాలి. 2003లో చేసిన చట్టం రాజకీయ పార్టీలకు ఇచ్చిన చందాను ఆదాయపు పన్ను లెక్కలోంచి పూర్తిగా మినహాయించుకునే వీలు కల్పించింది. కంపెనీలకూ, వ్యక్తులకూ. తర్వాత వచ్చిన కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్నవారికి ఆ వీలు పోయింది గాని, ఏళ్ళ తరబడి జరిగిందేమిటి? 30 శాతం పన్ను కట్టే ధనికుడు లక్ష రూపాయలు చందా ఇస్తే అందులో ముప్పైవేలు ఖజానా భరించింది. బేగంబజారులో మూటలు మోసే హమాలీ వంద రూపాయలిస్తే ఖజానా పైసా కలపలేదు. అతడు ఆదాయపు పన్ను కట్టేంత సంపాదించడు గనుక! ప్రజాధనం ఎన్నికల్లోకి వస్తూనే వుంది. ధనికుడి జేబు మీదుగా వస్తున్నది గనుక మనకు కనబడలేదు.

1969లో కంపెనీల చందాలను నిషేధించారు. 1985లో ఆ నిషేధం ఎత్తివేశారు. 2013 కంపెనీల చట్టంలో లాభాల్లో ఏడున్నర శాతం అని ఒక గీత గీశారు. 2017లో ఆ గీతా చెరిపేశారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తర్వాత బయటపడిన లెక్కల్లో 2019 ఏప్రిల్ నుంచి కొన్న బాండ్ల విలువ పన్నెండు వేల కోట్ల పైచిలుకు. అందరికంటె ఎక్కువగా కొన్నవారిలో రెండవ స్థానం మన హైదరాబాదు కంపెనీది. ఆ బాండ్లు తీసుకోకుండా, వాటి మీద కోర్టుకెక్కిన పార్టీ సి.పి.ఎం. ఒక్కటే వామపక్షానికి ఈ విషయంలో తలెత్తుకుని మాట్లాడే అర్హత ఇచ్చింది. కాని బాండ్లు కొట్టివేయించడంతో పని ముగిసిందా? దొంగ దారి మూసినంత మాత్రాన పేదవాడికి దారి తెరుచుకోదు.

ఆ దారి గురించి ఆలోచించినవారిలో ఇంద్రజిత్ గుప్తా ప్రముఖుడు. సి.పి.ఐ. నాయకుడు, కేంద్రంలో హోంమంత్రిగా పనిచేసినవాడు. ఆయన అధ్యక్షతన 1998లో పనిచేసిన కమిటీ ఎన్నికల ఖర్చులో కొంత ప్రభుత్వం భరించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదని మనవాళ్ళు పాతికేళ్ళుగా విచారిస్తున్నారు. నేనూ విచారిస్తాను. కాని ఆ నివేదికను గుడ్డిగా నెత్తిన పెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. నగదు వద్దు, వస్తురూపంలో ఇవ్వాలన్నది కమిటీ. గుర్తింపు పొందిన పార్టీలకే ఇవ్వాలి, స్వతంత్రులకు ఇవ్వకూడదన్నది. ఈ రెండో షరతు ఎంత ప్రమాదకరమైనదో చరిత్రే చూపించింది: 2023 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆయన పార్టీకే జాతీయ గుర్తింపు తీసివేసింది. గుర్తింపు అనేది నిన్నటి ఎన్నికల్లో వచ్చిన ఓట్లనుబట్టి దొరికేది. నిన్న బలంగా వున్నవాడికి నేడు సాయం చేయడం సంస్కరణ ఎట్లా అవుతుంది? ఇప్పుడున్న కొద్దిపాటి సాయాలూ ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత ప్రసార సమయం గుర్తింపు పార్టీలకు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో ఉచిత ఓటర్ల జాబితా గుర్తింపు పార్టీల అభ్యర్థులకు. మా చాయ్ బండి ఆమె జాబితా కొనుక్కోవాలి!

ఇంతకంటె మంచి పద్ధతి ఎక్కడైనా వుందా? వుంది. అదీ పెట్టుబడిదారీ ప్రపంచానికి రాజధాని అనదగిన న్యూయార్కులో. అక్కడ 1988 నుంచి నగర ఎన్నికలకు ఒక నిధి నడుస్తున్నది. నగరవాసి ఇచ్చే చిన్న చందాకు నగర ఖజానా ఎనిమిదింతలు కలుపుతుంది. పది డాలర్లు ఇస్తే ఎనభై కలిసి తొంభై అవుతాయి. నగర కౌన్సిలుకు నిలబడేవాడికైతే ఒక్కొక్కరి చందాలో 175 డాలర్లకే ఈ జోడింపు. ముందుగా తన నియోజకవర్గంలోనే కనీసం 75 మంది దగ్గర చందా తెచ్చి, మొత్తం 5,000 డాలర్లు పోగుచేసి తనకు జనం వున్నారని రుజువు చేసుకోవాలి. పార్టీ గుర్తింపుతో నిమిత్తం లేదు. డబ్బు పుచ్చుకున్నవాడు ఖర్చు పరిమితికి లోబడాలి, లెక్కలు తనిఖీకి పెట్టాలి. ఈ నిధి ఆసరాతోనే 2025 నవంబరులో సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్న జోహ్రాన్ మమ్దానీ ఆ నగరానికి మేయరుగా గెలిచాడు. కోటీశ్వరులు అతని మీద విడిగా డబ్బు కుమ్మరించారు. ఆ విడి ఖర్చును ఈ నిధి ఆపలేకపోయింది, అది దాని లోపం. దొంగ చందాదారుల బెడద అక్కడా వుంది. కాని 2024 డిసెంబరులో, అప్పటి మేయరుకే ఆ నిధి బోర్డు జోడింపు డబ్బు నిరాకరించింది. పదవిలో వున్న మేయరుకు కాదని చెప్పగల బోర్డు! మన దగ్గర అట్లాంటి సంఘాన్ని ఒక్కదాన్ని చూపించండి.

దీన్ని అఫ్జల్‌గంజ్ లెక్కలోకి మార్చి చూద్దాం. హమాలీ వంద రూపాయలిస్తే ఖజానా ఎనిమిది వందలు కలపాలి. తొమ్మిది వందలు. ఐదు లక్షల పరిమితి నిండడానికి 556 మంది చాలు. యాభైవేల ఓటర్లున్న డివిజనులో వందకు ఒక్కరికంటె కొంచెం ఎక్కువ. డివిజనుకు అయిదుగురు అభ్యర్థులు ఈ నిధికి అర్హులైనా నగరం మొత్తానికి అయ్యే ఖర్చు సుమారు 33 కోట్లు, అదీ అయిదేళ్ళకొకసారి. కార్పొరేషను ఏటి బడ్జెటు 2020 నాటికే ఐదు వేల కోట్లు దాటింది. ఏడాది బడ్జెటులో నూటికి ఒక రూపాయి కూడా కాదు!

ఇక మనవాళ్ళ అభ్యంతరాలకు వస్తాను. శత్రువు వాదన కన్న మిత్రుడి వాదనకే ఎక్కువ చోటివ్వాలి.

మొదటిది: ప్రభుత్వ సొమ్ము తిన్నవాడు ప్రభుత్వానికి లొంగుతాడు; కార్మికవర్గం తన కాళ్ళమీద తను నిలబడాలి. వినడానికి వీరోచితంగా వుంది. నేను అడిగేది ఒక్కటే: ఈ మాట చెప్పిన మిత్రుడు ఎక్కడ చదువుకున్నాడు? మా గ్రంథాలయంలోనే. 1891లో నిజాం ప్రభుత్వం పెట్టిన ఆసఫియా లైబ్రరీ అది. ఆ బల్లల దగ్గర కూర్చుని నిజాం వ్యతిరేక రాజకీయాలు చదువుకున్నవారు నిజాం మనుషులు కాలేదు. ప్రజల డబ్బుతో నడిచే బడి, ఆసుపత్రి, ఉచిత న్యాయ సహాయం మన హక్కులని పోరాడి, ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది భిక్ష అనడం ఏ తర్కం?

చరిత్ర కూడా వీరికి సాక్ష్యం ఇవ్వదు. 1838లో బ్రిటిష్ కార్మికులు ప్రకటించిన ప్రజల చార్టరులో ఆరు కోర్కెలున్నాయి. పార్లమెంటు సభ్యుడికి ఆస్తి అర్హత తీసివేయాలనేది ఒకటి. సభ్యులకు జీతమివ్వాలనేది మరొకటి. ఎందుకు? జీతం లేకపోతే మగ్గం దిగి పార్లమెంటుకు ఎవడూ రాలేడు గనుక. ఆ జీతం 1911లో గాని రాలేదు. రెండేళ్ళ ముందు అక్కడి న్యాయస్థానం కార్మిక సంఘాలు రాజకీయాలకు చందా వసూలు చేయరాదని తీర్పిచ్చిన తర్వాత గాని అది సాధ్యం కాలేదు. గెలిచినవాడికి జీతం ప్రజాధనంలోంచి ఇవ్వాలన్నది కార్మికుల కోర్కె అయినప్పుడు, నిలబడేవాడికి ప్రచారఖర్చు ఇవ్వాలనడం బూర్జువా కోర్కె ఎట్లా అయింది?

రెండవది: 1952లో మనకు ఏ నిధీ లేదు, అయినా గెలిచాం. నిజమే. పార్టీ మీద నిషేధం వున్న రోజుల్లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో పోటీచేసి రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూకంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళాడు. మగ్దూం మొహియుద్దీన్ హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వచ్చాడు. కాని ఆ ఓట్ల వెనుక సాయుధ పోరాటం వుంది, పంచిన భూమి వుంది, చచ్చిపోయినవారున్నారు. అంత మూల్యం చెల్లించినవారిని చూపించి, 'వారికి ఖర్చు కాలేదు' అంటున్నామా? ప్రతి కార్పొరేటరు సీటుకూ అంతటి పోరాటం ముందు జరగాలని షరతు పెట్టేవాడు ఆ సీటు కంట్రాక్టరుకు రాసిచ్చినట్టే.

మూడవది: అసలు జబ్బు ఓట్ల కొనుగోలు, దాన్ని ఈ నిధి మాన్పదు. నిజమే. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు డబ్బు కవరు అందలేదని కొందరు ఓటర్లు రోడ్డెక్కిన సంగతి పత్రికల్లో వచ్చింది. పెద్దమనుషులు చీదరించుకున్నారు. నాకు చీదర కలగలేదు. అయిదేళ్ళలో తమకు తిరిగివచ్చే ఒకే ఒక సొమ్మును అడిగారు వాళ్ళు. ఆ కవరుకు పోటీగా చెప్పుకోవడానికి వీధిలోంచి ఒక మనిషిని నిలబెట్టలేకపోయినంత కాలం, కవరు పుచ్చుకోవద్దని ఓటరుకు నీతి చెప్పడం చేతగానితనం. వంద రూపాయలు తానే ఇచ్చినవాడు ఆ అభ్యర్థి తరఫున పదిమందితో మాట్లాడతాడు. అతడికి కవరు ఇచ్చినా ఓటు రాబట్టుకోవడం అంత తేలిక కాదు. ఇంతకంటె ఎక్కువ ఫలితం వస్తుందని నేను చెప్పడంలేదు.

పరిమితి మాట కూడా ఒకటి మిగిలింది. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే కలపాలన్నది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పు కాళ్ళు విరగగొట్టింది. కాబట్టి నిధితోపాటు పార్టీ ఖర్చును కూడా లెక్కించకపోతే మా ఆమె చేతిలో ఐదు లక్షలు, ఎదుటివాడి వెనుక ఐదు కోట్లు వుంటాయి. రెండు కోర్కెలూ విడదీయరానివి.

ఈ పని స్థానిక ఎన్నికలతో మొదలుపెట్టాలని మా వాదన. 74వ రాజ్యాంగ సవరణ తర్వాత పురపాలక ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘానిది. వాటికి సంబంధించిన శాసనం రాష్ట్ర శాసనసభది. ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఏకగ్రీవాలకు ఇస్తామన్న డబ్బును పోటీకి మళ్ళిస్తే చాలు, కొత్త పన్ను కూడా వేయనక్కరలేదు. ఈ మేరకు ఒక విజ్ఞాపన రాశాం. గ్రంథాలయం మెట్ల మీద, బేగంబజారు హమాలీ అడ్డాల దగ్గర సంతకాలు పోగుచేస్తున్నాం. డివిజనులో నిర్ణీత సంఖ్యలో చిన్న చందాదారులు, పార్టీ గుర్తింపుతో పనిలేని అర్హత, మిగిలిన డబ్బు వాపసు, లెక్కల తనిఖీ, వీటి మీద మాలో ఎవరికీ భేదం లేదు. ఒక్క పద్దు మీద మాత్రం తగాదా వుంది. నిలబడిన మనిషి పోగొట్టుకునే కూలిని ప్రచారఖర్చు కింద రాయవచ్చునా అని. అది దుర్వినియోగమవుతుందని, పత్రికలవాళ్ళు గేలిచేస్తారని మా కుర్రవాళ్ళలో ఇద్దరు పట్టుబట్టారు. నామినేషను రోజు నుంచి పోలింగు రోజు దాకా, దినానికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం చొప్పున రాయాలని, ఆ పద్దు లేని కాగితం మీద సంతకం చేయనని నేను చెప్పాను. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. ఈసారి ఆమెను కూడా పిలిచాం. బండి మధ్యాహ్నం మూడింటికి కట్టేస్తుంది గనుక సమావేశం మూడున్నరకు పెట్టాం.